రెమెయ్ ఊరుకున్న గురువారం

రెమెయ్ నోరు మూసుకుని ఉండగా నేను నా జన్మలో ఒకే ఒక్క రోజు చూశాను. అదీ కోర్టు ఊరుకోమంటేనే.

మా ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. ఆరేళ్ళ పిల్లగా నా పక్కన కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడిద్దరికీ అరవై దగ్గరపడుతోంది. ఆ రోజు మొదలుపెట్టిన మాటే ఇంకా పూర్తికాలేదని నా అనుమానం. పంతులమ్మ బెత్తం ఎత్తితే ఆ బెత్తం ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎవరి దొడ్లోదో కూడా చెప్పేది. దెబ్బలు మాత్రం నాకు పడేవి, పక్కన ఉన్నందుకు.

నా పేరు సెంతో. మా కాలవకి కాపలా మనిషిని. ఎవరి తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూడటం, వంతు తప్పినవాళ్ళ మీద వాలెన్సియా పట్నం వెళ్ళి, ప్రతి గురువారం అక్కడ కూర్చునే నీళ్ళ కోర్టులో ఫిర్యాదు చెప్పడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా మోపెడ్ మీద గట్ల వెంట తిరుగుతున్నాను. నాకు కోపం ఎక్కువంటారు. అవును, ఎక్కువే! మీరూ ముప్పై ఏళ్ళు రైతులకి గడియారం చూపించి చూడండి, ఎంత శాంతం మిగులుతుందో.

రెమెయ్‌కి ఎకరంలోపు పొలం. సగం ఆర్టిచోకులు, అదే, మొగ్గలు కోసి వండుకునే ముళ్ళ మొక్కలు, సగం ఉల్లి, గట్టు పొడుగునా చిక్కుళ్ళు. భర్త ఇరవై రెండేళ్ళ కిందట నారింజల లోడు దించి వచ్చి, భోజనానికి కూర్చుని, కూర్చున్న కుర్చీలోనే పోయాడు. పిల్లల్లేరు. పొద్దున పొలం పని చూసుకుని, మధ్యాహ్నం మా సహకార సంఘం షెడ్డుకి వెళ్ళి సరుకు పెట్టెలకెత్తుతుంది. ఆ షెడ్డుకి ఐరోపా నలుమూలల నుంచీ లారీలు వస్తాయి. మా ఉల్లి, మా ఆర్టిచోకులు, మా నారింజలు ఎత్తుకుపోవడానికి. వచ్చిన డ్రైవరుకి రెమెయ్ భాష రాదు, రెమెయ్‌కి వాడి భాష రాదు. అదొక అడ్డమా? అట్టపెట్టె మీద పెన్సిలుతో బొమ్మ గీస్తుంది, చేతులు తిప్పుతుంది, వాడి మొహంలోకి చూస్తూ గుక్క తిప్పుకోకుండా అడుగుతుంది. ముప్పావు గంటలో వాడి ఊళ్ళో ఏం పండిందో, ఏం ఎండిందో, వాళ్ళ అత్తగారి పెరట్లో ఏం కాసిందో మొత్తం లాగేస్తుంది. లారీ ఆలస్యమవుతుంది. వాడి యజమాని ఎక్కడో ఫోనులో కేకలు వేస్తుంటాడు. వాడు మాత్రం సెలవు తీసుకునేటప్పుడు ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటాడు. నా కళ్ళతో చూశాను.

అలా మా ఊళ్ళో పోలండు ఆపిల్ పూత మీద మంచు పడిన సంగతి మొదట తెలిసేది రెమెయ్‌కి. హంగరీ మిరపకాయల దండలు, గ్రీసు పీచు పళ్ళు, సెర్బియా కొండల మీది రాస్ప్‌బెర్రీలు, విత్తనాల కోసం స్కాట్లండు వాళ్ళు పెంచే బంగాళాదుంపలు, అన్నీ ఆవిడ నాలుక మీద ఉంటాయి. పట్నం పొలిమేర దాటి ఎరగదు. చెబుతుంటే మాత్రం హాలండు గాజు ఇళ్ళలో మిరప మొక్కలకి తాళ్ళు కట్టి వచ్చినదానిలా చెబుతుంది.

ఇదంతా వినేది ఎవరు? నెలో.

నెలోది పక్క పొలం. పంతొమ్మిదేళ్ళ కిందట మేనమామ పొలం చేతికొచ్చి మా కాలవ మీదికి వచ్చాడు. తుంగగడ్డలు వేస్తాడు. శనగగింజంత దుంపలు, ముడతలు పడి ఉంటాయి. నానబెట్టి, రుబ్బి, పాలు తీసి ఐసు మీద పెట్టుకుని తాగుతాం. పెళ్ళి చేసుకోలేదు. అరవై నాలుగేళ్ళు. నోట్లో నాలుక లేని మనిషి. బారులో కాఫీ చల్లగా వస్తే చల్లగానే తాగి, డబ్బులిచ్చి, దండం పెట్టి వెళ్ళే రకం. రోజూ సాయంత్రం ఆరింటికి ఇద్దరి పొలాల మధ్య గట్టు మీదికి వస్తాడు. రెమెయ్ మాట్లాడుతుంది. ఇతను వింటాడు. టోపీ చేతిలో పట్టుకుని నుంచునే వింటాడు.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు పదింటి ఫలహారం దగ్గర, వెల్లుల్లి గుర్రపు మాంసం పెట్టిన మూరెడు రొట్టె సగం తిన్నాక, నాతో అన్నాడు.

"సెంతో, రెమెయ్ గారిని పెళ్ళి చేసుకోమని అడుగుదామనుకుంటున్నా."

"అడగవయ్యా! శుభం! ఇంకా ఆలోచన దేనికి?"

"ఎప్పుడు అడగను?"

"ఎప్పుడేమిటి? ఇవాళే అడుగు."

"ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు అడుగుదామని చూస్తున్నా. పదిహేనేళ్ళ నుంచీ చూస్తున్నా. తీసుకోవడం లేదు."

నాకు నవ్వాగలేదు, రొట్టె అడ్డం పడింది. నెలో నా వీపు తడుతూ కూర్చున్నాడు, పాపం.

అప్పటి నుంచి నేను చెప్పని ఉపాయం లేదు. ఉత్తరం రాయమన్నాను. వారం రోజులు కూర్చుని రాసి, సాయంత్రం ఆరింటికి చేతికిచ్చాడు. ఆవిడ మాట్లాడుతూనే ఆ కాగితాన్ని చుట్టి పొట్లం చేసి, అందులో చిక్కుడు గింజలు పోసి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది. "మంచి రకం నెలో, పండగలోపు నాటెయ్" అంది. వెళ్ళి నాటాడు. ఏం చేస్తాడు? ఫోన్ చెయ్యమన్నాను. చేశాడు. ఎత్తగానే ఎవరో కూడా అడక్కుండా గంటసేపు ఉల్లి తెగులు గురించి చెప్పి పెట్టేసింది.

ఈ ఏడు ఈస్టరుకి కథ ముదిరింది. కాస్తెయోలో ఉండే నెలో అక్క వచ్చింది. అందరి మీదా పెత్తనం చేసే మనిషి. "ఈ వయసులో ఒక్కడివీ ఈ బురదలో ఎందుకురా? పొలం అమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్. మా మేడ మీద గది ఖాళీగా ఉంది. కొనేవాణ్ణి కూడా చూశాను. ఏప్రిల్ నెలాఖరుకి అవునో కాదో చెప్పు" అని గడువు పెట్టి పోయింది. నెలో నా దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"రెమెయ్ గారు కాదంటే వెళ్ళిపోతా సెంతో. అవునంటే చచ్చినా వెళ్ళను. అడగలేకపోతే కూడా వెళ్ళిపోవాల్సిందే. ఇంకో పంతొమ్మిదేళ్ళు నా దగ్గర లేవు."

ఇతను పోతే ఆ గట్టు మీద ఆరింటికి ఎవరుంటారు? రెమెయ్ ఎవరితో మాట్లాడుతుంది? నాతోనా? అమ్మో!

ఏప్రిల్ మూడో మంగళవారం రెమెయ్ నీళ్ళ వంతు నాలుగు నుంచి అయిదు. నెలో ముందురోజే తుంగగడ్డలు నాటాడు, బోదెలు సరిచేసి, తీర్చి, ముచ్చటగా. ఆ మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నాలుగున్నరకే గట్టు మీదికి వెళ్ళాడు. ఇవాళ అడిగేయాలని. దారిలో నాకు కనిపించి చెప్పాడు కూడా. నేను వెన్ను తట్టి పంపాను. ఆవిడ తూము పలక ఎత్తి, ఆర్టిచోకుల మడిలోకి నీళ్ళు వదిలి, పార ఆనించుకుని నుంచుని ఉంది.

"రెమెయ్ గారూ, మీతో ఒక మాట..."

"మాటంటే గుర్తొచ్చింది నెలో! నిన్న బెల్జియం లారీ వచ్చింది చూడు, ఆ డ్రైవరు చెప్పాడూ..."

అంతే. ఆవిడ మడికి వీపు పెట్టి చెబుతోంది, నెలో ఎదురుగా నుంచుని వింటున్నాడు. అయిదయింది. పలక దించలేదు. మడి నిండింది. గట్టు నానింది, తెగింది. నీళ్ళు బిరబిరా నెలో బోదెల్లోకి దిగాయి.

నేను ఆరింటికి మోపెడ్ మీద అటుగా వచ్చేసరికి ఏముంది! నెలో పొలం చెరువై ఉంది. నాటిన గడ్డలు తేలి, దారి పక్కకి కొట్టుకొచ్చి నా టైరు కింద పటపటమంటున్నాయి. ఇద్దరూ చీలమండల దాకా నీళ్ళలో నుంచుని ఉన్నారు.

"ఒసేయ్ రెమెయ్! నీళ్ళే! నీళ్ళు!"

"ఉండరా సెంతో, మధ్యలో రాకు. బెల్జియం చెబుతున్నా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మోపెడ్ అక్కడే పడేసి, పరిగెత్తి, పలక దించి, నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చాను. రెమెయ్ అప్పుడు చూసింది కిందికి. "అయ్యో! అయ్యయ్యో! నా మతి మండా! నెలో, నీ పొలం మొత్తం పోయిందే! చెప్పవేమయ్యా? ఎదురుగా ఉన్నావు, కళ్ళున్నాయి, కనపడలేదా?"

"కనపడింది" అన్నాడు నెలో.

"కనపడితే చెప్పొద్దూ?" అన్నాను నేను.

"చెబుదామనే చూశా. ఆవిడ ఒక మాట మధ్యలో ఉన్నారు."

"ఎంత మాటయ్యా అది?"

"పెద్దదే. గంట పట్టింది."

చూడండి, నేను నవ్వాల్సిందే. కాని వంతు దాటి నీళ్ళు పారించడం, పక్కవాడి నాటు ముంచడం మా కాలవ మీద చిన్న తప్పు కాదు. అమ్మ చేసినా ఫిర్యాదు చెయ్యాల్సిందే. "రెమెయ్, గురువారం కోర్టుకి రా" అన్నాను.

"నా మీదా? ఒరేయ్, నా మీదా? బళ్ళో నా రొట్టె సగం తిన్నది మర్చిపోయావురా!"

"తిన్నా. అయినా రా."

"వస్తా! వచ్చి అక్కడే కడుగుతా నిన్ను!" అని, కొట్టుకొచ్చిన గడ్డలు ఒడిలోకి ఏరుతూ, నన్ను తిడుతూ, నెలోకి క్షమాపణలు చెబుతూ, మధ్యమధ్య బెల్జియం పూర్తిచేస్తూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఫలహారం దగ్గర నెలో నా కాళ్ళా వేళ్ళా పడ్డాడు. ఫిర్యాదు వద్దన్నాడు. నష్టం తనదే కదా, తనకి లేని బాధ కాలవకెందుకన్నాడు. నాకు చిర్రెత్తింది.

"నీకు బుద్ధుందా అన్నా? రూలు రూలే. అక్కడ నువ్వు నుంచుని ఏం జరిగిందో చెప్పాలి. అధ్యక్షుడు నీ వైపు కాలు చాపి 'చెప్పండి మీరు' అంటాడు, ఆవిడ వైపు చాపి 'ఊరుకోండి మీరు' అంటాడు. నువ్వు చెప్పినంతసేపూ ఆవిడ కిక్కురుమనడానికి వీల్లేదు. అన్నదా, జరిమా..."

ఆగాను. నెలో కూడా నమలడం ఆపాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా జీవితంలో నాకు వచ్చిన తెలివైన ఆలోచన అదొక్కటే, అదీ మాట మధ్యలో వచ్చింది.

"కిక్కురుమనకూడదా?" అన్నాడు మెల్లిగా.

"ఒక్క ముక్క కూడా."

"నేను ఎంతసేపు చెప్పినా?"

"నీ ఇష్టం! సాయంత్రం దాకా చెప్పు!"

"అక్కడ నీళ్ళ సంగతి తప్ప వేరే మాట్లాడకూడదేమో?"

"నీళ్ళతోనే మొదలుపెట్టు. తర్వాత నీ తెలివి, నీ అదృష్టం. నా ఉద్యోగం పోతే మీ పెళ్ళి భోజనాలకి మొదటి పంక్తిలో కూర్చోబెట్టు, చాలు."

ఆ మనిషి మొహం వెలిగిపోయింది. కాఫీ ఇంకొకటి తెప్పించి, చల్లగా ఉందని వెనక్కి పంపాడు. అదీ ధైర్యం అంటే!

గురువారం ముగ్గురం ఒకే ట్రాములో వెళ్ళాం. రెమెయ్ నాతో మాట్లాడనని ఒట్టుపెట్టుకుంది. మాట్లాడలేదు. ట్రాములో ఉన్న మిగతా నలభైమందితో నా గురించి మాట్లాడింది. దిగేటప్పుడు ఎవరో ముసలావిడ నన్ను చూసి "సిగ్గులేదూ?" అంది. నెలో కిటికీ దగ్గర కూర్చుని పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నాడు.

పన్నెండు గంటలు కొట్టారు. పెద్ద చర్చి తలుపు ముందు, కటకటాల లోపల, తోలు కుర్చీల్లో ఎనిమిది కాలవల పెద్దలూ నల్ల చొక్కాలతో కూర్చున్నారు. అందరూ రైతులే. లాయర్లు లేరు, కాగితం లేదు, పెన్ను లేదు. చుట్టూ ఫోన్లు ఎత్తి పట్టుకున్న యాత్రికులు. చాలా గురువారాలు ఒక్క కేసు కూడా ఉండదు, పాపం ఉత్తచేతులతో పోతారు. బంట్రోతు మా కాలవ పేరు పిలిచి, ఫిర్యాదుదారులు ఎవరైనా ఉన్నారా అని కేకేశాడు. ఉన్నామంటూ మేం ముందుకు రాగానే జనంలో కోలాహలం.

మా కాలవ కేసులో మా కాలవ పెద్ద నోరెత్తకూడదు. అందుకని నదికి అవతలి ఒడ్డు కాలవ పెద్ద అధ్యక్షత వహించాడు. బండరాయిలాంటి మొహం, రెండే మాటలు వచ్చిన మనిషి. ఆ రెండు మాటలూ నేను ముందే చెప్పాను కదా.

నేను జరిగింది చెప్పాను. ఏ వారం, ఏ గంట, ఏ తూము. చెబుతుండగానే రెమెయ్ మొదలుపెట్టింది.

"అయ్యా, వీడు బళ్ళో..."

అధ్యక్షుడి కాలు ఆవిడ వైపు తిరిగింది. ఆ కోర్టులో చేత్తో కాదు, కాలితోనే చూపిస్తారు. "ఊరుకోండి మీరు."

"ఊరుకుంటా అయ్యా, కాని అసలు..."

"ఊరుకోండి మీరు."

"సరేనయ్యా, సరే అంటున్నా కదా, సరే అనడం కూడా..."

"ఇంకొక్క మాటకి జరిమానా. ఊరుకోండి మీరు."

రెమెయ్ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. బుగ్గలు ఉబ్బాయి. మెడ ఎర్రబడింది. లోపల మాటలు తోసుకొస్తున్నాయి, బయటికి దారి లేదు. చూస్తుంటే నాకే ఊపిరాడలేదు. కాలు నెలో వైపు తిరిగింది.

"చెప్పండి మీరు."

నెలో టోపీ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు. టోపీ ఇంకోవైపు తిప్పాడు. ఏమీ రాలేదు. ఓరి నాయనో! పంతొమ్మిదేళ్ళు సందు కోసం చూసిన మనిషికి సందు దొరికితే గొంతు పోయింది. నేను వెనక నుంచి మోచేత్తో పొడిచాను.

"చెప్పండి మీరు."

"నీళ్ళొచ్చాయయ్యా" అన్నాడు నెలో. "అయిదింటికి గట్టు నానింది. అయిదుంబావుకి తెగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆపలేదు."

"ఎందుకు ఆపలేదు?"

"ఆవిడ మాట్లాడుతున్నారయ్యా."

"ఏం మాట్లాడుతున్నారు?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. నెలో తల ఎత్తాడు. గొంతు విప్పుకుంది.

"బెల్జియం సంగతయ్యా. అక్కడ చికోరీ వేళ్ళు శరత్తులో తవ్వి, చీకటి గదిలో నిలబెట్టి, వెలుతురు సోకకుండా మొలిపిస్తారట. మొలకలు తెల్లగా, పిడికిలంత వస్తాయట. వెలుతురు తగిలితే చేదెక్కుతాయట. ఆ ముందు వారం పోలండు. మంచు పడే రాత్రి ఆపిల్ పూత మీద వాళ్ళు నీళ్ళే చిమ్ముతారయ్యా, ఆ నీళ్ళు గడ్డకట్టి లోపల పువ్వుని కాపాడతాయట. దానికి ముందు హాలండు. మిరప చెట్టు మట్టి లేకుండా, రాతితో చేసిన దూది మీద, ఇంటి కప్పంత ఎత్తు..."

"మట్టి లేకుండానా?" చివరి కుర్చీలో పెద్దాయన ముందుకు వంగాడు.

"అస్సలు లేకుండానయ్యా."

"నీళ్ళెలా పెడతారు?"

"గొట్టాల్లో, చుక్కచుక్కగా..."

"వంతు లేదా?"

అధ్యక్షుడు కాలు నేలకేసి కొట్టాడు. పెద్దాయన వెనక్కి వాలాడు. రెమెయ్ చేతులు నోటి మీద అలాగే ఉన్నాయి, కాని మెడ ఎరుపు దిగిపోయింది. నెలోనే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"అన్నీ గుర్తున్నాయయ్యా నాకు" అన్నాడు నెలో. ఇప్పుడతను అధ్యక్షుడితో మాట్లాడటం లేదు. "పంతొమ్మిదేళ్ళ నుంచి ఆవిడ చెప్పినవి ఒక్కటి కూడా పోలేదు. మొదటి రోజు ఫ్రాన్సు స్ట్రాబెర్రీల గురించి చెప్పారు. అప్పుడు ఆవిడకి కుడిచేతి వేలికి కట్టు ఉంది, ఆర్టిచోకు ముల్లు గుచ్చుకుని. నా పొలం మునిగినా నాకు నష్టం లేదు. మళ్ళీ నాటుకుంటా. మా అక్క నన్ను కాస్తెయో రమ్మంటోంది. అక్కడ అన్నీ ఉన్నాయట. కాని సాయంత్రం ఆరింటికి నేనక్కడ ఏం చెయ్యాలి? రెమెయ్ గారూ, మంగళవారం ఒక మాట అడుగుదామని వచ్చాను. ఆ ముందు ఏడు వేల సాయంత్రాలు కూడా అదే అడుగుదామని వచ్చాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఎవడో యాత్రికుడి ఫోను కింద పడింది.

అధ్యక్షుడి కాలు గాల్లో ఆగిపోయింది. ఎవరి వైపు తిప్పాలో తెలియలేదు ఆయనకి. మా కాలవ పెద్ద తప్ప మిగతా ఏడుగురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. చివరి కుర్చీ పెద్దాయన చేతులు ఊపుతూ ఏదో గట్టిగా వాదించాడు. అధ్యక్షుడు నన్ను ఒక చూపు చూశాడు. ఆ చూపుకి నా ఉద్యోగం మీద ఆశ వదులుకున్నాను.

"ఈ కోర్టు నీళ్ళ సంగతి తప్ప వినదు" అన్నాడు చివరికి. "అయినా గట్టు ఎందుకు తెగిందో తేలాలి. ముద్దాయి జవాబు లేకుండా తేలేలా లేదు." కాలు రెమెయ్ వైపు తిరిగింది. "చెప్పండి మీరు."

రెమెయ్ చేతులు దించింది. నోరు తెరిచింది. మూసింది.

"చెప్పండి మీరు."

లేదు. ఒక్క మాట లేదు. నాకు భయం వేసింది, పక్షవాతమేమోనని. యాభై రెండేళ్ళుగా వింటున్న గొంతు, ఎప్పుడు ఆగుతుందా అని నేను దేవుళ్ళకి మొక్కుకున్న గొంతు! అది ఆగిపోయేసరికి నేనే ముందుకు ఉరికాను. "మాట్లాడవే, రెమెయ్, ఏదో ఒకటి మాట్లాడవే" అన్నాను. నన్ను కూడా కాలితో ఊరుకోమన్నాడు.

"చెప్పండి మీరు" మూడోసారి. ఈసారి మెల్లిగా అన్నాడు, ఆ బండరాయి.

"నేను ఆపితే నువ్వు వెళ్ళిపోతావు" అంది రెమెయ్.

అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు. జనం ముందుకు వంగారు.

"మొదటి రోజు ఫ్రాన్సు సంగతి అయిపోగానే ఆపాను. నువ్వు 'సరే రెమెయ్ గారూ, ఉంటా' అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు. ఇంటికెళ్ళాను. ఇంట్లో గడియారం తప్ప ఏం లేదు. రెండో రోజు ఆపలేదు. ఇంకో అరగంట ఉన్నావు. అప్పుడు తెలిసింది నాకు, మాట్లాడుతున్నంతసేపూ నుంచుంటావని. అందుకని ఆపలేదయ్యా! వచ్చిన ప్రతి లారీవాణ్ణీ పట్టుకుని పీకి పీకి అడిగింది నీకు చెప్పడానికే. బెల్జియం ఎవడిక్కావాలి? నీకు కాళ్ళు నొప్పి పుడతాయని కూడా తెలుసు. కూర్చోమనలేదు, కూర్చోమంటే మాట తెగుతుందని!"

ఏడ్చేసింది. నెలో టోపీ కింద పడేశాడు, చేతులు ఏం చెయ్యాలో తెలియక.

"అయితే చేసుకుంటారా, చేసుకోరా?" అధ్యక్షుడు కాదు, చివరి కుర్చీ పెద్దాయన అడిగాడు.

"చేసుకోక? ఇంతమందిలో అడిగాక ఊరుకుంటానా?"

జనం చప్పట్లు, ఈలలు! అదంతా నాటకంలో భాగమనుకున్నారు యాత్రికులు, ఒకావిడ టోపీలో నాణేలు వేయబోయింది. బంట్రోతు చేతికర్ర నేలకేసి కొట్టి కొట్టి అలిసిపోయాడు. అధ్యక్షుడు తీర్పు చెప్పాడు. రెమెయ్‌ది తప్పే. ముంచిన బోదెలన్నీ తన చేతులతో తిరిగి నాటివ్వాలి. నీళ్ళు చూస్తూ ఆపనందుకు నెలోది కూడా తప్పే. అతను కూడా పక్కనే నుంచుని నాటాలి. కాపలా మనిషి ఇంకెప్పుడూ ఇలాంటి కేసు తేకూడదు. తెస్తే ముందుగా చెప్పి తేవాలి, పెద్దలు ఇళ్ళలో ఆడవాళ్ళని కూడా తీసుకొస్తారు.

తిరిగొచ్చే ట్రాములో రెమెయ్ నాతో మాట్లాడింది, మాట్లాడుతూనే ఉంది. నెలో అక్కకి ఫోన్ కలిపి తనే మాట్లాడింది. అవతల ఆ పెత్తందారుకి ఒక్క మాట అనే సందు దొరకలేదు. నాకు మహా సంతోషమేసింది.

ఆ సాయంత్రం గట్ల మీద ఒక చుట్టు తిరిగి వస్తున్నాను. రెమెయ్ ఇంటి ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఇద్దరూ కూర్చుని ఉన్నారు. చడీ చప్పుడు లేదు. అప్పుడే పోట్లాడుకున్నారా? మోపెడ్ ఆపి పరిగెత్తాను.

"ఏమైంది రెమెయ్? ఏమైందే?"

ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుని నన్ను దగ్గరికి రమ్మంది. చెవిలో చెప్పింది.

"ముప్పావు గంటయిందిరా, నేను నోరు విప్పి. ఇంకా కూర్చునే ఉన్నాడు."